వైజాగ్‌లో ఏ హోటల్? ముందు ఎందుకు వెళ్తున్నారో చెప్పండి

అరకు రైలు ఎక్కడానికి, పిల్లలకు సముద్రం చూపించడానికి, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి... వైజాగ్‌లో ఒక్కో పనికి ఒక్కో చోట దిగాను. స్టేషన్ దగ్గర లాడ్జి, బీచ్ రోడ్డులో హోటల్, రుషికొండ వైపు రిసార్ట్. ఏది బాగుందంటే ఒక్క ముక్కలో చెప్పలేను.

అందుకే మార్కులు వేస్తాను. ముందు ఒక్కో అంశానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో అనుకోవాలి. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ఉదయం 7 లోపే బయల్దేరుతుంది కాబట్టి అరకు ట్రిప్పుకి స్టేషన్ దగ్గరగా ఉండటానికి 50 శాతం, అద్దెకు 30, సదుపాయాలకు 20 ఇచ్చాను. పదికి లాడ్జికి వరుసగా 9, 8, 4 వేసి, ఒక్కో మార్కును దాని శాతంతో గుణించి కూడితే మొత్తం 7.7. రిసార్టుకి 2, 4, 9 వేస్తే 4.0. పిల్లలతో వెళ్లినప్పుడు అవే మార్కులు ఉంచి, ప్రాధాన్యాలను 10, 20, 70గా మార్చాను. లాడ్జి 5.3కి పడిపోయింది, రిసార్ట్ 7.3కి ఎక్కింది. బీచ్ రోడ్డు హోటల్ రెండుసార్లూ మధ్యలోనే నిలిచింది. అక్కణ్నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు కానీ, ఆదివారం సాయంత్రం ఆ రద్దీలో ఆటో దొరికేసరికి విసుగొస్తుంది.

అమ్మతో వెళ్లినప్పుడు ఈ కూడికను నమ్మలేదు. లిఫ్ట్ లేని లాడ్జి కూడా అద్దె తక్కువన్న మార్కులతో పైకి వచ్చేస్తుంది. అద్దెలో మిగిలిన డబ్బు మోకాళ్లకు మెట్లు ఎక్కించదు కదా! లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్ లేనివాటిని ముందే కొట్టేసి, మిగిలినవాటికే మార్కులు వేశాను.

ప్రాధాన్యాలు ఎంతెంతన్న దగ్గరే ఇంట్లో గొడవ. థామస్ సాటీ 1970లలో రూపొందించిన ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. రెండేసి అంశాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎంత ముఖ్యమో 1 (రెండూ సమానం) నుంచి 9 (ఒకటి చాలా ఎక్కువ ముఖ్యం) వరకు అంకెల్లో చెప్పాలి. మా ఆవిడకు అద్దె కన్నా బాత్రూమ్ ముఖ్యం, బాత్రూమ్ కన్నా లొకేషన్ ముఖ్యం. తీరా అడిగితే లొకేషన్ కన్నా అద్దే ముఖ్యమంది! ఇలాంటి పొంతన లేని జవాబులను ఆ లెక్క పట్టేస్తుంది. జవాబులు ఎంత పొంతన లేకుండా ఉన్నాయో చూపే పొంతన నిష్పత్తి (కన్సిస్టెన్సీ రేషియో) 0.1 దాటితే మళ్లీ ఆలోచించుకోమంటుంది.

అద్దె చూసేటప్పుడు చెకౌట్ పద్ధతి కూడా కనుక్కోండి. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చి పొద్దున్నే దిగేవాళ్లకు 24 గంటల చెకౌట్ (గదిలో దిగినప్పటి నుంచి 24 గంటలు లెక్క) ఉన్న లాడ్జి కలిసొస్తుంది. మధ్యాహ్నం 12కి చెకౌట్ అనే చోట తెల్లవారుజామున గది తీసుకుంటే అదనంగా ఒక రోజు అద్దె అడగొచ్చు.