ఆర్‌వీలో గ్రిల్‌కు సెగ చాలనప్పుడు: ఒక హై ప్రెజర్ అడాప్టర్ పైపు గురించి

రెండేళ్లుగా మా ఆర్‌వీ (వంట, పడక సదుపాయాలున్న ప్రయాణపు బండి) ప్రయాణాల్లో గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడినిచ్చే ప్రొపేన్ గ్యాస్ గ్రిల్ ఒకటి మాతో పాటు తిరుగుతోంది. ఒక పౌండు చిన్న సిలిండర్ బిగించి వాడినన్నాళ్లూ దాని మీద ఫిర్యాదు చేయాల్సిన అవసరం రాలేదు. చిన్న సిలిండర్లు కొనీ పారేసీ విసుగొచ్చి, ఆర్‌వీ పక్క గోడకు ఉండే గ్యాస్ పాయింటుకు పైపు వేసి గ్రిల్‌ను తగిలించిన రోజు నుంచి మాత్రం సెగ చచ్చుబడిపోయింది. నాబ్ పూర్తిగా తిప్పినా బర్నర్ రంధ్రాల దగ్గర నువ్వుగింజంత నీలి మంటలు మినుకుమినుకుమనేవి. మూత మూసి పావుగంట ఆగినా ముల్లు 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేది కాదు. చికెన్ ముక్కలు కాలడానికి బదులు తమలోంచి ఊరిన నీటిలోనే ఉడికి తెల్లగా పాలిపోయేవి. బర్నర్ మూసుకుపోయిందేమోనని విప్పి, బ్రష్షుతో శుభ్రం చేసి, గాలి పీల్చే గొట్టంలో సాలెగూడు ఉందేమోనని కూడా చూశాను. లోపం గ్రిల్‌లో లేదని అర్థం కావడానికి నాకు రెండు ప్రయాణాలు పట్టాయి.

ఆర్‌వీ లోపలి స్టవ్వు, ఫ్రిజ్, హీటరు అన్నీ చాలా తక్కువ పీడనంతో పనిచేస్తాయి కాబట్టి, సిలిండర్ నుంచి వచ్చే గ్యాసును బండి రెగ్యులేటర్ ముందుగానే 11 అంగుళాల నీటిమట్టానికి, అంటే చదరపు అంగుళానికి అర పౌండు కన్నా తక్కువకు, దించేస్తుంది. పక్క గోడకున్న పాయింటులో దొరికేదీ ఆ పీడనమే. గ్రిల్ నాబ్ దగ్గరున్న రెగ్యులేటర్ మాత్రం సిలిండర్ నుంచి నేరుగా వచ్చే గ్యాసును, వెచ్చటి రోజున చదరపు అంగుళానికి 100 పౌండ్లు దాటే పీడనాన్ని, దించడానికి తయారైనది. ఒకసారి దించిన గ్యాసును మళ్లీ దాని గుండా పంపడమంటే, సగం కట్టేసిన కుళాయి నీళ్లను సగం కట్టేసిన మరో కుళాయి గుండా పట్టుకోవడమే. ఆ ధార ఎంత సన్నగా ఉంటుందో మా మంట కూడా అంతే సన్నగా ఉండేది.

దీనికి రెండు దారులున్నాయి. గ్రిల్‌కున్న రెగ్యులేటర్ తీసేసి తక్కువ పీడనానికి అనువుగా మార్చుకోవడం ఒకటి. గ్రిల్ తయారీదారే అందుకు తగిన కిట్ అమ్ముతుంటే అది మంచి పద్ధతే. సొంతంగా విప్పి చేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. బర్నర్‌కు గ్యాసు అందించే సన్న రంధ్రాన్ని ఏ పీడనానికి కొలిచి తొలిచారో మనకు తెలియదు. పీడనం ఎక్కువ ఉంటుందని లెక్కగట్టిన రంధ్రమైతే రెగ్యులేటర్ తీసినా మంట నీరసంగానే ఉంటుంది. పైగా అలా రెగ్యులేటర్ లేకుండా చేసిన గ్రిల్‌ను ఎవరైనా మరచిపోయి నేరుగా సిలిండర్‌కు తగిలిస్తే జరిగేది పెద్ద ప్రమాదం.

రెండో దారి నేను ఎంచుకున్నది, ఈ సమీక్ష కూడా దాని గురించే. ఇది 12 అడుగుల పొడవున్న, పైన స్టీలు అల్లిక ఉన్న హై ప్రెజర్ అడాప్టర్ పైపు. ఒక కొసన 20 పౌండ్ల సిలిండర్‌కు చేత్తో బిగించే పెద్ద నల్లటి నట్టు, రెండో కొసన చిన్న సిలిండర్ మెడ ఎలా ఉంటుందో అచ్చం అలాంటి మరలు ఉంటాయి. పైపులో రెగ్యులేటర్ ఉండదు, ఉండకూడదు కూడా. గ్రిల్ రెగ్యులేటర్‌కు తాను ఆశించిన పీడనమే అందుతుంది. ఆర్‌వీకి బిగించిన సిలిండర్ నుంచే తీసుకోవాలనుకునేవారు బండి రెగ్యులేటర్‌కు ముందే టీ ఫిట్టింగ్ (గ్యాసును రెండు దారులుగా చీల్చే T ఆకారపు జాయింటు) పెట్టించుకోవాలి. మేము వేరే సిలిండర్ ఒకటి వెంట తీసుకెళ్తాం.

మొదటిసారి వెలిగించినప్పటి తేడా ఇప్పటికీ గుర్తుంది. మంటలు చిటికెన వేలి గోరంత ఎత్తున, నిలకడగా, కొసల్లో కూడా పసుపు లేకుండా నీలంగా లేచాయి. మూత మూసి 12 నిమిషాలు ఆగితే ముల్లు 500 దాటింది. మాంసం పెట్టగానే చుయ్యిమన్న శబ్దం విని మా ఆవిడ ఆర్‌వీ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. చిన్న సిలిండర్‌తో వచ్చిన సెగ కన్నా ఇదే నిలకడగా ఉందని నా అభిప్రాయం. ద్రవం ఆవిరయ్యేటప్పుడు సిలిండర్ చల్లబడుతుంది కాబట్టి, చలి సాయంత్రాల్లో చిన్న సిలిండర్ అడుగున తెల్లటి మంచు పూత పట్టి, వంట సగంలో ఉండగానే పీడనం పడిపోయేది. పెద్ద సిలిండర్‌లో ఆ ఇబ్బంది బాగా తగ్గింది. ఒక పౌండు ప్రొపేన్ ఇచ్చే వేడి సుమారు 21,500 బీటీయూలు కనుక, నిండు మంట మీద చిన్న సిలిండర్ రెండు గంటలు కూడా రాదు. 20 పౌండ్లది 35 గంటలకు తగ్గకుండా వస్తుంది.

ఇక లోపాల విషయానికి వస్తాను. నాకు మొదట వచ్చిన పైపులో గ్రిల్ వైపు కొస దగ్గర లీకు ఉంది. సబ్బు నీళ్లు బ్రష్షుతో రాయగానే మరలున్న అంచున ఆవగింజంత బుడగ పుట్టి, పెరిగి, పగిలి, మళ్లీ పుట్టింది. ఎంత బిగించినా అది ఆగలేదు. అమ్మినవారు వాదన లేకుండా మార్చి ఇచ్చారు, రెండోది నేటికీ బాగానే ఉంది. అయినా సిలిండర్ ఒత్తిడి మొత్తం ఈ పైపులో ఉంటుంది కాబట్టి, ఒక్క బుడగ కనిపించినా వెలిగించే ఆలోచనే మానుకోవాలి. ప్రతి మజిలీలో బిగించిన ప్రతిసారీ సబ్బు నీళ్ల పరీక్ష చేయడం నాకు ఇప్పుడు అలవాటైపోయింది.

నల్ల నట్టులో గ్యాసు ఒక్కసారిగా దూసుకొస్తే అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. సిలిండర్ వాల్వును గబుక్కున తిప్పితే అది లీకు అనుకుని గ్యాసును బొట్టుబొట్టుగా మాత్రమే వదులుతుంది, మంట మళ్లీ పాత కథలాగే నీరసపడుతుంది. పైపు పాడైందని కంగారు పడనక్కర్లేదు. నాబ్, వాల్వు రెండూ కట్టేసి, నట్టు విప్పి, ఒక నిమిషం ఆగి, తిరిగి బిగించి, వాల్వును చాలా నెమ్మదిగా తెరిస్తే సరిపోతుంది. ఈ సంగతి పైపుతో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా రాయకపోవడం పెద్ద లోటు.

ఎక్కువ పీడనంలో రబ్బరు పైపు నుంచి జిడ్డు దిగి గ్రిల్ రెగ్యులేటర్‌ను మూసేసే అవకాశం ఉంది. అందుకే వంట అయ్యాక ముందు సిలిండర్ వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన గ్యాసు కాలిపోయి మంట దానంతట అదే ఆరాక, అప్పుడు నాబ్ కట్టేస్తాను. జిడ్డును ఆపే చిన్న ఫిల్టర్ కూడా ఒకటి బిగించాను.

ఈ పైపు తీర్చలేని సమస్యలూ ఉన్నాయి. సముద్ర మట్టానికి 2,000 అడుగులు దాటాక ప్రతి 1,000 అడుగులకు సుమారు 4 శాతం చొప్పున బర్నర్ సామర్థ్యాన్ని తగ్గించి లెక్కగట్టాలి కాబట్టి, కొండల మీద విడిది చేసినప్పుడు ఇంకొంచెం సేపు వేడెక్కనివ్వాలి. గాలి వీచే చోట గ్రిల్ వీపును గాలి వైపు తిప్పి పెడితే చాలా తేడా కనిపిస్తుంది. గాలికి భయపడి ఆర్‌వీ గుడారపు పందిరి కిందికి గాని, లోపలికి గాని గ్రిల్‌ను చేర్చకూడదు, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

చలికి ఈ పైపు కర్రలా బిగుసుకుపోతుంది. ఉదయం పూట చుట్ట చుట్టబోతే వినదు, కాసేపు ఎండలో పరిచి ఉంచాలి. రెండు కొసలకూ ఇచ్చిన ప్లాస్టిక్ మూతలను మాత్రం పారేయవద్దు. సామాను అరలో దుమ్ము, పురుగులు లోపలికి చేరకుండా కాపాడేవి అవే.