మా పెళ్లి అడ్డుతెర గీసిచ్చిన కాళహస్తి కలంకారీ ఇల్లు

మా పెళ్లి మొన్న మాఘమాసంలో పాకాల దగ్గర మా తాత మామిడి తోపులో జరిగింది. కల్యాణ మండపం వద్దని ముందే అనుకున్నాం. తిరుపతిలో ఒక డెకరేషన్ అతను ఆల్బమ్ చూపించాడు, అన్ని పెళ్లిళ్లలోనూ అవే ప్లాస్టిక్ పూల గోడలు, అవే లైట్లు, పేర్లు మాత్రం వేరు. ఒక్క పూట కట్టి విప్పుకుపోయే దానికి లక్షా ఇరవై వేలు అడిగాడు. పెళ్లయ్యాక మన దగ్గర మిగిలేది ఏదైనా ఉండాలి కదా అని నేనూ మా ఆయనా (అప్పటికి కాబోయే ఆయన) ఆలోచిస్తుంటే అడ్డుతెర గుర్తొచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా మా కళ్ల ముందుండేది ఆ గుడ్డే. అయినా చాలా పెళ్లిళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు, చివరి నిమిషంలో ఏదో ఒక పంచె పట్టుకుని కానిచ్చేస్తారు.

తిరుపతి నుంచి కాళహస్తికి బస్సులో గంట ప్రయాణం. పద్మశ్రీ వచ్చిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి లాంటివాళ్ల వల్ల ఆ ఊరి కలంకారీ గురించి అందరికీ తెలుసు, కానీ కలంతో గీసే ఇంట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. మేం వెళ్లిన అన్నకి బోర్డు లేదు, షాపు లేదు, వరండాలోనే పని. బొమ్మ ఆయన గీస్తారు, రంగులు ఎక్కువగా అక్క చూసుకుంటుంది. పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దన్నారు, ఒప్పుకున్న పనే ఎక్కువైపోయిందట, అందుకే ఇక్కడ ఇవ్వడం లేదు.

సీతారాముల కల్యాణం గీయమంటారేమో అని అన్న అనుకున్నారు. మాకు మా కథే కావాలన్నాం. మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్నది అలిపిరి నడకదారిలో, గాలిగోపురం దగ్గర. మా ఆయనది పలమనేరు వైపు, వాళ్ల ఊరి చుట్టుపక్కల మట్టికుండలు, బొమ్మలు చేసే ఇళ్లున్నాయి. ఇవన్నీ ఒకే బట్ట మీద పెట్టాలని నా పట్టు. అన్న కాసేపు విని, "బొమ్మ ఒక పక్కే తేటగా పడుతుంది పాపా, అవతల పక్క మసకే. అబ్బాయేం చూడాల మరి?" అన్నారు. ఆ మాటతోనే మొత్తం డిజైన్ మారిపోయింది. రెండు బట్టలు గీసి వీపు వీపు కలిపి కుడదాం అన్నారు. నా వైపు వాళ్ల ఊరు, ఆయన వైపు మా మెట్లదారి, మామిడి తోపు. ఒకరి ముఖం ఒకరం చూసే ముందు ఒకరి ఊరు ఒకరం చూడాలన్నమాట. నేను నెలల తరబడి ఫోన్‌లో వెతికినా ఇలాంటి ఆలోచన దొరకలేదు.

మా పురోహితుడు గారు ఏమంటారో అని టెన్షన్ పడ్డాం. మధ్యలో స్వస్తిక్ ఉంటే చాలన్నారు. అన్న ఆ చోటు ఖాళీగా వదిలేశారు, పెళ్లిరోజు పొద్దున మా అమ్మ పసుపుతో దిద్దింది.

పని చూడ్డానికి మూడుసార్లు వెళ్లాం, వీలైతే మీరూ వెళ్లండి. ముతక నూలు బట్టని ముందు కరక్కాయ కలిపిన గేదెపాలల్లో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకి పాకదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో రూపం వేసుకుని, దాని మీద వెదురు కలంతో కసిమి గీస్తారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెడితే వచ్చేదే కసిమి. చూడ్డానికి పల్చటి గోధుమరంగు నీళ్లలా ఉంటుంది, కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లబడుతుంది. నేను కళ్లార్పకుండా చూశాను. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత రంగులో ఉడికిస్తారు. ఒక్కో రంగుకీ మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. స్వర్ణముఖిలో నీళ్లు పారే రోజుల్లో అక్కడికే తీసుకెళ్లేవాళ్లమని అక్క చెప్పింది. గాలిగోపురం కింద రెండు మెట్ల గీత నన్ను గీయనిచ్చారు, కొంచెం వంకరగా ఉంది, దాన్ని దిద్దవద్దని నేనే అడిగాను.

రెండు వైపులకీ కుట్టుకూలితో కలిపి పద్దెనిమిది వేలైంది. అంత పనికి అది తక్కువే. షాపుల్లో కలంకారీ అని అమ్మేవాటిలో చాలా భాగం ప్రింటే. చేత్తో గీసినదాంట్లో ఒకే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, రెండు ఆకులు అచ్చంగా ఒకేలా ఉండవు. అది చూసి కొనండి.

ఇక నచ్చనివి. చెప్పిన తేదీకి పది రోజులు ఆలస్యంగా ఇచ్చారు, పెళ్లికి నాలుగు రోజుల ముందు చేతికొచ్చింది, ఆ పది రోజులూ మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఫోన్ సరిగా ఎత్తరు. ఎరుపు మేం శాంపిల్‌లో చూసినదానికంటే ముదురుగా, ఇటుక రంగులో వచ్చింది. సహజ రంగు ప్రతిసారీ ఒకేలా రాదని తర్వాత చెప్పారు, అడ్వాన్స్ తీసుకునే రోజే చెప్పి ఉండాల్సింది. పాల వాసన కూడా వెంటనే పోదు, నీడన గాలికి ఆరేస్తూ ఉండాలి. ఆర్డర్ కనీసం మూడు నెలల ముందు ఇవ్వండి, తెర ఎప్పటికి కావాలంటే పెళ్లికి ఇరవై రోజుల ముందు తేదీ చెప్పండి.

తోపులో మిగతా పనులు ఇంటివాళ్లమే చేసుకున్నాం. కొబ్బరాకుల పందిరి, మా పిన్ని కట్టిన బాసికాలు, తలంబ్రాలకి పలమనేరు మట్టి పళ్లేలు, ముందురోజు రాత్రి అందరికీ సంగటి, ఊరిబిండి. బాగానే కుదిరాయి. కానీ తెర పట్టుకున్నప్పుడు మాత్రం చుట్టాలు కుర్చీల్లోంచి లేచి దగ్గరికొచ్చేశారు. మా అత్తగారు నా వైపున తన పుట్టింటి ఊరి చెరువుని గుర్తుపట్టి, ముహూర్తం మధ్యలోనే కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆ చెరువూ, కుండల వరసా కనిపిస్తుంటే అవతల ఆయన మెట్లు లెక్కపెడుతున్నారట. తెర దించమన్నప్పుడు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

ఇప్పుడది మా హాల్లో ఉంది, ఒక నెల ఆయన వైపు, ఒక నెల నా వైపు తిప్పి వేలాడదీస్తున్నాం. నా లెక్కలో ఐదుకి నాలుగున్నర. ఆ అర తీసేసింది ఆలస్యానికే.

మా చెల్లి పెళ్లి మార్గశిరంలో. దాని తెర కోసం మళ్లీ అన్నకే ఫోన్ చేశాను, నాలుగోసారికి ఎత్తారు. "కార్తీకం వానలు మొదలైతే గుడ్డ ఆరదు, బొమ్మేందో శ్రావణంలోపే చెప్పండి" అన్నారు. చెల్లి ఇంకా తేల్చుకోలేదు.