మార్తాస్ వినియార్డ్: డబ్బు కట్టినా కనిపించని సూర్యోదయం

అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉన్న మార్తాస్ వినియార్డ్ ద్వీపానికి వెళ్ళాలనుకునే వారికి ముందుగా ఒక మాట చెప్పాలి. "సముద్రం మీద సూర్యోదయం కనిపించే గది" అని ఎవరైనా ప్రకటిస్తే, ఆ కిటికీలోంచి తీసిన ఫొటో చూడనిదే డబ్బు కట్టవద్దు. ఆగస్టు చివరి వారంలో ఓక్ బ్లఫ్స్ ఊళ్ళో మేము దిగిన బసకు రాత్రికి 412 డాలర్ల అద్దె, సూర్యోదయపు గదికి మరో 70. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ రోజూ పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తుంది కనుక, రెండు రాత్రులకూ కలిపి ఆ 140 డాలర్లు సంతోషంగానే కట్టాను. తీరా తెర తీసి చూస్తే ఎదురుగా పక్క హోటల్ వంటగది గోడ, దానికి జిడ్డు కారుతున్న ఫ్యాను; మంచం చివర నిలబడి మెడ వంచితే జానెడు సముద్రం. "కనిపిస్తోంది కదా" అన్నారు యజమాని. గంటసేపు వాదించాక 35 డాలర్లు వెనక్కి ఇచ్చారు. మా ఆయన ఆ సాయంత్రమంతా ముభావంగా ఉండిపోయారు. అమ్మ మాత్రం "పోయిన డబ్బు పోయింది, పొద్దున్నే ఒడ్డుకే పోదాం పదమ్మా" అంది.

ఒడ్డు నాలుగు నిమిషాల నడక. ఆరు దాటిన కాసేపటికి నాన్‌టకెట్ సౌండ్ అనే సముద్రపు పాయ నీళ్ళ మీద సూర్యుడు పైకి వచ్చాడు. అమ్మ కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మోకాలి లోతుకు దిగి, రెండు చేతులా నీళ్ళు ఎత్తి మూడుసార్లు వదిలింది. ఒక చేపల పడవ తప్ప, కంటికి ఆనినంత దూరం అడ్డంగా ఏదీ లేదు.

ఆ దిక్కునే, హార్స్‌షూ షోల్ అనే ఇసుకమేట మీద, ఒక్కొక్కటి 440 అడుగుల ఎత్తున 130 గాలిమరలు నిలబెట్టాలని ఒకప్పుడు కేప్ విండ్ అనే ప్రాజెక్టు వచ్చిందని మధ్యాహ్నం అక్విన్నాలో తెలిసింది. ద్వీపం పడమటి కొసన ఉన్న ఆ ఊరికి బస్సు మారి వెళ్ళాలి, దారిలో ఏ ఇబ్బందీ లేదు. ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు బంకమట్టి పొరలు సముద్రంలోకి జారుతున్న అక్కడి కొండచరియలు ఈ ప్రాంతపు మూలవాసులైన వాంపనోగ్ ప్రజలకు పవిత్రమైనవి. ఆ మట్టి తీసుకోవడానికి బయటివారికి అనుమతి లేదు. వాంపనోగ్ అన్న పేరుకే తొలి వెలుగు ప్రజలని అర్థం. చరియ మీది చిన్న దుకాణంలో ఆ తెగకు చెందిన ఒక పెద్దావిడ, క్వాహాగ్ అనే గుల్ల అంచున ఉండే ఊదారంగు ముక్కను అరగదీసి చేసిన పూసను అమ్మ అరచేతిలో పెట్టి, ఈ కథంతా ఓపికగా చెప్పింది. పూస 45 డాలర్లు. బేరం ఆడాలని నాకు అనిపించలేదు.

కేప్ విండ్‌ను వ్యతిరేకిస్తూ వాంపనోగ్‌లలోని అక్విన్నా, మాష్‌పీ తెగలు రెండూ చెప్పింది ఇదే: ఉదయపు ప్రార్థనలకు తూర్పు సముద్రం అడ్డు లేకుండా కనిపించాలి, పైగా ఆ సముద్రపు అడుగు ఒకప్పుడు తమ పూర్వీకులు బతికిన, వారిని పాతిపెట్టిన నేల. జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరే అర్హత ఆ జలాలకు ఉందని 2010 జనవరిలో తేల్చారు. అయినా అదే ఏడాది ఏప్రిల్‌లో అప్పటి అమెరికా అంతర్గత వ్యవహారాల మంత్రి కెన్ సాలజార్ ప్రాజెక్టుకు ఆమోదం తెలిపారు. 2011లో అక్విన్నా తెగ కోర్టుకు వెళ్ళింది. 2015లో విద్యుత్ కంపెనీలు కొనుగోలు ఒప్పందాలు రద్దు చేసుకున్నాయి, 2017 డిసెంబరులో ప్రాజెక్టును వదిలేశారు. తీరంలో బంగళాలున్న సంపన్నులు కూడా దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, వాళ్ళ డబ్బూ పలుకుబడీ పనిచేశాయి. అయితే బంగళా నుంచి కనిపించే అందాన్నీ, ప్రార్థనకు కావలసిన తూర్పునూ ఒకే గాటన కట్టడం అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది.

గాలి నుంచి కరెంటు తీయడం అవసరమని నమ్మే మనిషిని నేను. మా ఆయన ఇంజనీరు, ఆయన నమ్మకం నాకంటే గట్టిది. ద్వీపానికి దక్షిణాన సుమారు 15 మైళ్ళ దూరంలో 62 మరలతో తలపెట్టిన వినియార్డ్ విండ్ అనే మరో ప్రాజెక్టులో 2024 జూలైలో ఒక రెక్క విరిగి, ముక్కలు పక్కనున్న నాన్‌టకెట్ ద్వీపం ఒడ్డుకు కొట్టుకొచ్చిన సంగతి పెద్దావిడ చెప్పినప్పుడు కూడా, యంత్రాన్ని బాగుచేయవచ్చు అనే ఆయన వాదించారు. అప్పుడావిడ శాంతంగా, "ముందు మమ్మల్ని అడగాలి కదా" అంది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆయన దాని గురించే ఆలోచిస్తున్నట్టున్నారు.

వెళ్ళేవారు కారును పడవ ఎక్కించే ఖర్చు పెట్టుకోవద్దు. మాకు వుడ్స్ హోల్ రేవు నుంచి రానూపోనూ పడవ టికెట్ మనిషికి 20 డాలర్లు, కారు ఒడ్డున నిలిపినందుకు రోజుకు 20 పడ్డాయి. ప్రయాణం ముప్పావు గంట. ఓక్ బ్లఫ్స్‌లో సముద్రం కనిపించని చవక గది తీసుకుని, తెల్లవారకముందే ఒడ్డుకు నడవండి. అక్విన్నాకు కనీసం సగం రోజు కేటాయించండి. మేము చివరి రోజున కూడా ఐదున్నరకే లేచాము. ఈసారి అమ్మ వెనకే మా ఆయన కూడా చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగారు.