పికప్ ఆయిల్ ఛేంజ్: మనమే చేసుకోవాలా, షెడ్డుకి ఇవ్వాలా, కంపెనీకి తోలాలా? ఏది మేలు?

మొన్న మా బావ ఫోన్ చేసి "ఏరా, బండి కింద దూరి నువ్వే ఆయిల్ మార్చేసుకుంటున్నావంట, ఎంత మిగులుద్దేంటి" అన్నాడు. రెండొందలు అన్నా. నవ్వేసి పెట్టేశాడు. డబ్బుల లెక్క ఒక్కటే చూస్తే ఆయన నవ్వడంలో తప్పేం లేదు, రెండొందల కోసం ఎవడూ వీపుకి మట్టి అంటించుకోడు. కానీ లెక్క అక్కడితో అయిపోదండి, అందుకే ఇది రాస్తున్నా.

ముందు బండ్ల సంగతి చెప్పాలి. పాలకొల్లు దగ్గర మాది, నాదీ బావదీ రెండూ పికప్‌లే, రెండూ రొయ్యల లోడ్లే తోలతాయి. నాది 2018 బండి, బీఎస్4, అంటే పాత పొగ రూల్స్‌ది. ఆయనది కొత్తది, బీఎస్6, వారంటీలో ఉంది. ఈ ఒక్క తేడాకే సగం జవాబు మారిపోద్ది.

వారంటీలో ఉన్న బండికి నేనైతే కంపెనీ సర్వీసే అంటా, ఇందులో వాదన లేదు. రేపు ఇంజన్‌కి ఏదన్నా అయ్యి క్లెయిమ్‌కి వెళ్తే మొదట అడిగేది సర్వీస్ రికార్డే. ఫ్రీ సర్వీసులున్నన్నాళ్ళు లేబర్ కూడా ఉండదు, ఆయిలు ఫిల్టర్ డబ్బులే కట్టాలి. పైగా బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టి ఆపే జల్లెడ) ఉన్నవాటికి ఏ ఆయిల్ పడితే ఆ ఆయిల్ పొయ్యకూడదు. పాత బండ్లకి పోసే సీఐ-4 రకం ఆయిల్లో బూడిద మిగిల్చే అడిటివ్‌లు ఎక్కువ, అవి కాలాక ఆ బూడిద వెళ్ళి డీపీఎఫ్‌లో కూర్చుంటుంది. మసి అయితే రీజనరేషన్‌లో, అంటే బండి దాన్ని వేడెక్కించి శుభ్రం చేసుకునేటప్పుడు, కాలిపోద్ది, బూడిద కాలదు, అక్కడే ఉండిపోద్ది. అందుకే వాటికి బూడిద తక్కువ రకం ఆయిల్ అడుగుతారు, సీకే-4 లాంటిది, ఏదన్నది మీ బండి పుస్తకంలో ఉంటది. షాపువాడు "అన్నీ ఒకటేనండి, పదిహేను నలభై ఇచ్చెయ్యనా" అంటాడు, 15డబ్ల్యూ-40 అన్నది చిక్కదనం మాత్రమే, రకం వేరు, ఆ ముక్క దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

కంపెనీలో నాకు నచ్చనిది ఒకటే, రోజు పోద్ది. చెరువుల్లో రొయ్యల పట్టుబడి నడుస్తున్నప్పుడు పొద్దున్నే బండి ఇచ్చి సాయంత్రం దాకా కూర్చున్నామంటే ఆ రోజు ట్రిప్పులు పక్కోడి బండికి వెళ్ళిపోయినట్టే, ఒకసారి అలవాటు పడ్డాడంటే ఆ చెరువు రైతు మళ్ళీ మనకి ఫోన్ చేస్తాడన్న గ్యారంటీ ఉండదు. అదీ కాక లోపలికి రానివ్వరు, అద్దంలోంచి చూడాలి, మన బండి ఏ ర్యాంపు మీద ఉందో కూడా తెలీదు.

ఇక షెడ్డు. వారంటీ అయిపోయిన బండ్లలో నూటికి తొంభై షెడ్డుకే వెళ్తాయనుకుంటా, నేనూ మూడేళ్ళు అక్కడికే వెళ్ళా. ఆయిలు ఫిల్టర్ మనం కొనుక్కెళ్తే లేబర్ నూట యాభయ్యో రెండొందలో తీసుకుంటారు, అరగంటలో పంపించేస్తారు, టీ కూడా ఇస్తారు. మంచి మేస్త్రీ దొరికితే ఇంతకు మించింది లేదు, ఇంజన్ సౌండ్ విని "బెల్ట్ చూస్కోండి బాబూ" అని ఊరికే చెప్తాడు, ఆ చెవి మనకి రాదు.

కానీ షెడ్డులో హడావిడి ఉంటది. ఒకసారి పనికుర్రోడు ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) నట్టు బిగించడానికి పానాకి ఇంత పొడుగు పైపు తగిలించి ఊగిపోయాడు. నేను పక్కనే ఉన్నా, గట్టిగా బిగిస్తే మంచిదే కదా అనుకున్నా, బుద్ధి లేక. ఆ తర్వాతసారి నేనే విప్పుకుంటే నట్టుతో పాటు వెండి పొడిలా మరలు ఊడొచ్చాయి. త్రెడ్ మళ్ళీ వేయించుకోవడానికి ఛాంబర్ దింపాల్సొచ్చింది, ఆ ఖర్చులో పదిసార్లు ఆయిల్ మార్పించుకోవచ్చు. ఛాంబర్ నట్టుని ఆపేది బలం కాదండి, దాని కింద ఉండే వాచర్. అది రాగిదో అల్యూమినియందో, మెత్తగా ఉండి నలిగి సీల్ అవుద్ది. ప్రతిసారీ కొత్తది వెయ్యాలి, ధర పదో ఇరవయ్యో. పాతది నలిగిపోయి ఉంటది కాబట్టి కారుద్ది, కారుతుందని ఇంకా బిగిస్తారు, అలా బిగించీ బిగించీ మర పోద్ది.

షెడ్డుకి వెళ్ళేవాళ్ళకి ఇంకోటి. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ వద్దు. సీల్ క్యాన్ కొనండి, మూత మీరే విప్పండి, అయిపోయాక ఖాళీ క్యాన్ అక్కడ వదలకుండా పొడిచి చిల్లు పెట్టండి. ఎందుకంటే ఖాళీ క్యాన్లకి కూడా గిరాకీ ఉంది, ఏం పోస్తారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఇంటి దగ్గర సంగతి. పికప్‌కి ఉన్న సుఖం ఏంటంటే ఎత్తు, కారుకి లాగా జాకీ వెయ్యక్కర్లేదు, అట్టముక్క పరుచుకుని జారితే ఛాంబర్ దాకా చెయ్యి అందుద్ది. మన డెల్టాలో ఇది చిన్న విషయం కాదు, మన నేల రేగడి, వానాకాలంలో జాకీ వేశారంటే జాకీయే లోపలికి దిగుద్ది, బండి మీదకి వచ్చుద్ది. మట్టి మీద జాకీ వేసి కింద దూరొద్దు, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తున్నా. మాకు సిమెంటు కల్లం ఉంది, ధాన్యం లేనప్పుడు అదే నా షెడ్డు. హ్యాండ్ బ్రేక్, గేరు, చక్రానికి రెండు వైపులా ఇటుకలు పెట్టాకే కిందకి.

బండిని ఓ ఐదు పది నిమిషాలు తిప్పి ఆపి, కొంచెంసేపు ఆగాలి, గోరువెచ్చగా ఉంటే ఆయిల్ మడ్డితో సహా దిగుద్ది, కాగిపోయి ఉంటే చెయ్యి కాలుద్ది. పైన మూత తీసి, సరిగ్గా పట్టే రింగు పానాతో నట్టు వదులు చేసి, చివర్న చేత్తో తిప్పుతూ పక్కకి లాగెయ్యాలి. మొదటిసారి నాకు నట్టు టబ్బులో పడింది, మోచేతి దాకా నల్లాయిల్, మా ఆవిడ పెరట్లోకి కూడా రానివ్వలేదు. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడక్కర్లేదు, డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ కూడా మసి పట్టి త్వరగానే నల్లబడుద్ది. కంగారు పడాల్సింది పాలు కలిపిన టీ రంగు వస్తే. అంటే నీళ్ళు కలిశాయని. వరదప్పుడు లంకల్లోకి వెళ్ళి కాజ్‌వే మీద నీళ్ళలోంచి తోలొచ్చిన బండ్లకి స్టార్ట్ చేసే ముందే ఆయిల్ ఎంతుందో చూపించే గేజు పుల్ల తీసి చూసుకోవాలి.

ఫిల్టర్ దగ్గర నేను చేసిన తప్పు చెప్తా. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు ఇంజన్ వైపే అంటుకుని ఉండిపోయింది, నేను చూసుకోలేదు. కొత్త ఫిల్టర్ రబ్బరుకి కాస్త ఆయిల్ రాసి, తగిలేదాకా తిప్పి, అక్కణ్ణించి ముప్పావు చుట్టు చేత్తోనే బిగించా, అంతా పుస్తకంలో ఉన్నట్టే. స్టార్ట్ చేస్తే చుక్క కారలేదు. లోడెక్కించుకుని వెళ్తుంటే దిగమర్రు దాటి చించినాడ బ్రిడ్జి ఇంకా ఎక్కకుండానే ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. ఆపేసి దిగి చూద్దును కదా, రోడ్డు మీద వెనకాల నల్ల గీత, రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి ఉంటే ప్రెజర్ పెరిగాక ఒకటి పక్కకి తన్నేసింది. వెంటనే ఆపా కాబట్టి ఇంజన్ బతికింది. ఐస్ కరిగిపోకుండా రొయ్యలు వేరే బండికి మార్చి, షెడ్డు మేస్త్రీనే పిలిపించుకున్నా, ఆయన వచ్చి చూసి ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. ఇప్పుడు విప్పగానే పాత ఫిల్టర్ తిరగేసి రబ్బరు దాంతోనే వచ్చిందో లేదో చూస్తా, గుడ్డతో ఇంజన్ మొహం తుడుస్తా.

పోసేటప్పుడు పుస్తకంలో ఉన్న కొలతకి అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి లైటు ఆరాక నిమిషం తిప్పి, ఆపి, ఐదు నిమిషాలాగి గేజు చూసుకుంటూ మిగతాది పొయ్యండి. పై గీత దాటనివ్వొద్దు, ఎక్కువైతే ఇంజన్ లోపల తిరిగే క్రాంకు దాన్ని చిలికేసి నురగ చేసుద్ది.

ఇంట్లో చేసుకునేవాళ్ళు ముందే ఆలోచించుకోవాల్సింది పాత ఆయిల్ ఏం చేస్తారని. మొత్తం లెక్కలో ఇంటికి పడే పెద్ద మైనస్ ఇదే. సెంట్రింగ్ రేకులకి రాసేవాళ్ళున్నారు, కంచె గుంజలకి పూసేవాళ్ళున్నారు, కాలవలో కుమ్మరించేవాళ్ళూ ఉన్నారు. మన కాలవలోంచే చెరువుకి నీళ్ళు తోడతాం, తాగడానికీ తోడతాం. ఒక లీటరు ఆయిల్ పది లక్షల లీటర్ల మంచినీళ్ళని పాడు చెయ్యగలదంటారు. కేంద్రం తెచ్చిన 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కిందే ఉంది. నేను అదే ఖాళీ క్యాన్లోకి పోసి షెడ్డుకిస్తా, వాళ్ళ డ్రమ్ము కొనుక్కెళ్ళేవాళ్ళు వస్తారు. అలా ఇచ్చే దారి లేకపోతే ఇంట్లో మార్చొద్దు, షెడ్డులోనే చేయించుకోండి.

మరి ఇంత తలనొప్పి ఉండి కూడా నేనెందుకు చేసుకుంటున్నానంటే, కింద పడుకుంటాను కాబట్టి. రొయ్యల ట్రేల నుంచి ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు రోజంతా ఛాసిస్ మీద కారతాయి. కొబ్బరికాయలు తోలేవాడి బండికీ మన బండికీ కింద అసలు పోలికే ఉండదు. రేకు ఛాంబర్ కింది మూలల్లో పెయింటు పొంగి, గోకితే పెచ్చులు ఊడతాయి. బ్రేకు పైపుల క్లిప్పుల దగ్గర, స్ప్రింగు పట్టీల దగ్గర కూడా అంతే. షెడ్డువాడికి ఆయిల్ మార్చమని చెప్పాం, ఆయిల్ మారుస్తాడు. పోయినసారి నట్టు విప్పే ముందు తుడుస్తుంటే ఛాంబర్ వెనక మూల ఒకచోట గుడ్డకి మళ్ళీ మళ్ళీ తడి అంటింది. గుండుసూది మొనంత చిల్లు. పైన బురద ఉంటే ఎవరికీ కనపడదు.

కాబట్టి బావలాగా వారంటీలో ఉంటే కంపెనీ. వారంటీ అయిపోయి, గట్టి నేల లేకపోతే, పాత ఆయిల్ ఇచ్చే చోటు లేకపోతే, షెడ్డు, కాకపోతే ఆయిలు, ఫిల్టర్, వాచర్ మూడూ మీరే కొనుక్కెళ్ళి పక్కన నిలబడండి. రొయ్యల బండి అయ్యుండి కల్లం కూడా ఉంటే ఇంట్లోనే చేసుకోండి, కిలోమీటర్లు కూడా పుస్తకంలో పెద్ద అంకె చూసి ఆగొద్దు, చెరువు గట్టు మీద గంటలు గంటలు ఇంజన్ ఆన్‌లో ఉంచే బండికి మీటర్ తిరగకపోయినా ఆయిల్ తిరుగుతూనే ఉంటది.

ఇదంతా చెప్తే బావ ఈసారి నవ్వలేదు. ఆదివారం బండేసుకుని కల్లానికొచ్చాడు, ఆయిల్‌కి కాదు, కింద ఒకసారి చూద్దామని. లుంగీ ఎగ్గట్టి దూరాడు, కాసేపటికి లోపల్నించి "ఒరే, ఆ టార్చి ఇలా ఇవ్వు" అన్నాడు.