అద్దం కేబినెట్, కర్నూలు ఎండ: ఏడాదిన్నర వాడాక

ఈ కంప్యూటర్ కేబినెట్ కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే కొనమని చెప్పాను, అసలు చప్పుడే చేయదని పొగుడుతూ రాశాను కూడా. ముందంతా అద్దం, దాని వెనక మూడు లైట్ల ఫ్యాన్లు, 4,500 రూపాయలు. రాత్రి ట్యూబ్‌లైటు ఆపేసి ఊరికే దాన్నే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. ఆ పొగడ్తలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. కంపెనీ పేరు రాయను, ఇదే తీరువి బజారులో చాలా ఉన్నాయి.

లోపల ప్రాసెసర్ రైజెన్ 5 5600, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060. వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. సంక్రాంతికి అసెంబుల్ చేయించాను. రెండు నెలలు వంక పెట్టడానికి లేదు. ఉగాది దాటాక మొదలైంది. జీటీఏ 5 గేము తెరిస్తే మొదటి పావుగంట సెకనుకు 110 ఫ్రేములు, ఆ తర్వాత 60కి పడిపోయి, మలుపు తిప్పినప్పుడల్లా బండి ఆగి ఆగి కదిలేది. పావుగంట తర్వాతే ఎందుకని అప్పుడే అనుమానం వచ్చుంటే నెల రోజులు మిగిలేవి.

రాలేదు. గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, తీసి మళ్లీ వేశాను. షాపతనికి ఫోన్ చేస్తే "విండోస్ కొట్టించుకో అన్నా, అదే సరిపోతాది" అన్నాడు. కొట్టించాను. అంత పెద్ద గేము మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడం తప్ప ఒరిగిందేం లేదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే 3200 వేగం ర్యామ్ 2400 దగ్గరే నడుస్తోంది, బయోస్ సెట్టింగుల్లో దాన్ని పూర్తి వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయనేలేదు. దొంగ దొరికాడనుకున్నా. ఆన్ చేశాక ఆ మొదటి పావుగంట ఇంకాస్త బాగా నడిచింది, అంతే.

చివరికి ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, వేడి అంకెలు తెర మూలన పెట్టుకుని ఆడాను. 5600 ప్రాసెసర్ వేడికి పైహద్దు 90 డిగ్రీలు. అంకె అక్కడికి చేరగానే ప్రాసెసర్ 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 3 లోపుకు దిగిపోతోంది. మాది మిద్దె మీది గది, ఏప్రిల్‌లో పొద్దుగూకినా కప్పు కింద సెగ తగ్గదు. సరే, కేబినెట్ పక్క అద్దం ఊడదీసి ఆడితే 79. అంటే లోపల గాలి ఆడట్లేదు. ముందు మూడు, వెనక ఒకటి ఫ్యాన్లు పెట్టుకుని గాలి ఆడకపోవడమేంది?

మా జేజి పూజ గూట్లోంచి ఊదుకడ్డీ తెచ్చి వెలిగించాను. ముందు అద్దం పక్కనుండే సందు దగ్గర పెడితే పొగ మనసు లేనట్టు కొంచెం లోపలికి పోయి, మిగతాది నా మొహానికే వచ్చింది. ఆ సందులో నా చిటికెన వేలు కూడా పట్టదు. వెనక ఫ్యాన్ దగ్గర పెట్టాను. పొగను బయటికి తోయాల్సిన ఫ్యాన్ గబగబా లోపలికి లాగేసుకుంది. తిరగేసి బిగించారు! గాలి మామూలుగా ఫ్యాన్ ప్లాస్టిక్ కమ్మీలున్న వైపు నుంచి బయటికొస్తుంది, అవేమో లోపలికి ఉన్నాయి. పైగా నేను కేబినెట్‌ను కంప్యూటర్ టేబుల్ కింది గూట్లో దోపాను, పవర్ సప్లై వదిలిన వేడినే మళ్లీ మింగుతోంది. జేజి తలుపు దగ్గర నిలబడి "కొబ్బరికాయ కూడా కొట్టు నాయనా" అంది.

నాలుగు స్క్రూలు తీసి ఫ్యాన్ తిప్పాను, గూట్లోంచి బయటికి లాగి టేబుల్ పైన పెట్టాను. 90 కాస్తా 84 అయింది. ముందు అద్దం కూడా తీసేశాక 76. ఫ్రేములు గంటసేపు ఆడినా 100 కిందికి రాలేదు. షాపతను చేసింది పది నిమిషాల తప్పు. అద్దం సంగతి వేరు, అది కేబినెట్ గీసినవాళ్లదే.

చప్పుడు చేయదని అప్పట్లో రాశాను కదా, అద్దం ఉన్నప్పుడు అది నిజమే. తీస్తే మధ్యాహ్నం కూలర్ పక్కన కూర్చున్నట్టుంటుంది. ఫ్యాన్ల వైరు నేరుగా పవర్ సప్లైకే, వేగం తగ్గించే వీలు లేదు. దుమ్ము కూడా ఎక్కువే, రెండు వారాలకోసారి బ్రష్ పట్టాలి. వైర్లు దాచుకునే చోటు మాత్రం ఇప్పటికీ బాగుందనే అంటా.

అనంతపురంలో మా బావమరిదిదీ ఇదే కేబినెట్. ఏసీ గది, ఆడేది వాలొరెంట్ అనే తేలిక గేము ఒక్కటే, వాడికే ఇబ్బందీ లేదు. నాలా మిద్దె మీద ఉండి, ఎండాకాలంలో గంటల తరబడి ఆడేవాళ్లయితే ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్నదే చూసుకోండి. నా అద్దం బీరువా మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది. దీపావళికి తగిలిస్తా, శివరాత్రికి తీసేస్తా.