ఫ్రీ రన్ మేలా, రెక్ రన్ మేలా? వ్యూఫైండర్‌లో ఎన్ని గీతలు ఉండాలి?

చెన్నైలో తెలుగు పెళ్లిళ్లు తీసేవాళ్లూ, మార్గళి సీజన్‌లో మైలాపూర్, టీ నగర్ సభల్లో కచేరీలు రికార్డు చేసేవాళ్లూ కెమెరా అద్దెకు తెచ్చుకోగానే లెన్స్ గురించీ కలర్ గురించీ గంటలు గంటలు మాట్లాడుకుంటారు. టైమ్‌కోడ్ మాత్రం అంతకుముందు వాడినవాళ్లు ఎలా వదిలేశారో అలాగే ఉండిపోతుంది. వ్యూఫైండర్‌లో, అంటే షాట్ చూసుకునే చిన్న తెరలో, ఫ్రేము కట్టుకోవడానికి కనిపించే గీతలదీ (మార్కర్లదీ) అదే పరిస్థితి, అన్నీ ఆన్‌లో ఉంటాయి లేదా అన్నీ ఆఫ్‌లో ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒకటికి మించి కెమెరాలున్న ఏ పనికైనా టైమ్‌కోడ్ ఫ్రీ రన్‌లో ఉండటం మేలు, వ్యూఫైండర్‌లో ఒక్క మార్కర్ చాలు. ఇది ఎక్కడ పనికిరాదో కూడా చెప్తాను.

టైమ్‌కోడ్ అంటే ప్రతి ఫ్రేముకూ ఉండే ఎనిమిది అంకెల నంబరు. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. మనం 25 ఫ్రేముల్లో తీస్తాం కాబట్టి చివరి రెండంకెలు 00 నుంచి 24 దాకా వెళ్తాయి. రెక్ రన్‌లో రికార్డు బటన్ నొక్కినప్పుడే లెక్క కదులుతుంది, ఆపితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగినచోటి నుంచే మొదలవుతుంది. ఫ్రీ రన్‌లో మీరు రికార్డు చేస్తున్నా, టిఫిన్ చేస్తున్నా లెక్క నడుస్తూనే ఉంటుంది.

రెక్ రన్‌కు దాని సుఖం దానికుంది. ఒక్క కెమెరాతో ఇంటర్వ్యూ తీస్తుంటే కౌంటర్ వైపు ఒకసారి చూస్తే చాలు, ఇప్పటిదాకా ఎంత ఫుటేజ్ అయిందో తెలుస్తుంది. టేపుల కాలంలో మొదటి టేపును 01:00:00:00 దగ్గర, రెండోదాన్ని 02:00:00:00 దగ్గర మొదలుపెట్టి గంటల అంకెనే టేపు నంబరుగా వాడేవారు, మధ్యలో కోడ్ తెగితే టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు గొడవ వచ్చేది. అందుకే ‘కోడ్ తెగకూడదు’ అనే పట్టుదల పాతవాళ్లలో ఇప్పటికీ ఉంది. కార్డుల్లో ప్రతి క్లిప్పూ విడి ఫైలే, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. స్లో మోషన్ షాట్లకు మాత్రం రెక్ రన్నే సరి, ఎందుకంటే సెకనుకు 100 ఫ్రేములు తీసి 25లో ఆడిస్తే గడియారంతో లెక్క ఎలాగూ కుదరదు.

ఇక పెళ్లి సంగతికొద్దాం. శుభలేఖలో ముహూర్తం ఉదయం 10:42 అని ఉందనుకోండి. జీలకర్ర బెల్లం ఆ నిమిషానికే పెడతారు, పురోహితుడు గడియారం చూస్తూనే ఉంటాడు. కెమెరాలన్నీ ఫ్రీ రన్‌లో, అసలు గడియారం టైముకు సెట్ చేసి ఉంటే ఎడిటర్ నేరుగా 10:42కి వెళ్తాడు, మూడు కెమెరాల షాట్లూ అక్కడే వరుసగా కనిపిస్తాయి. అదే రెక్ రన్‌లో తీసి ఉంటే ఒక కెమెరాలో ఆ క్షణం 01:13 దగ్గరుంటుంది, ఇంకోదానిలో 00:48 దగ్గర, క్రేన్ మీదున్న దానిలో ఎక్కడుందో వెతుక్కోవాలి. ‘అన్నా, జీలకర్ర బెల్లం ఏ క్లిప్‌లో ఉంది?’ అని అర్ధరాత్రి వచ్చే ఫోన్ దీనివల్లే. కచేరీలోనూ అంతే, ముందు వరుసలో కూర్చున్న మనిషి ఫోన్‌లో ‘7:50 తని ఆవర్తనం’ (మృదంగం వాళ్ల సోలో) అని ఒక్క ముక్క రాసి పెట్టుకుంటే రెండున్నర గంటల ఫుటేజ్‌లో అదే దారి చూపిస్తుంది.

అన్ని కెమెరాల షాట్లనూ సౌండ్ వేవ్‌ఫామ్‌తో, అంటే శబ్దపు గీతల ఆకారం చూసి, సింక్ చేసుకోవచ్చు (ఒకే క్షణానికి కలుపుకోవచ్చు) కదా, ఇదంతా ఎందుకు అంటారు చాలామంది. చేసుకోవచ్చు, చాలాసార్లు బాగానే వస్తుంది. కానీ గట్టిమేళం మోగే సమయంలో, అంటే మనకు అన్నిటికంటే ముఖ్యమైన ఆ నిమిషంలో, కెమెరా మైకులన్నిట్లో శబ్దం పగిలిపోయి వేవ్‌ఫామ్ ఇటుక గోడలా ఉంటుంది. ఇంకో సంగతి, దీన్ని తక్కువమంది పట్టించుకుంటారు: శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది, 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు, కాబట్టి హాలు వెనక 14 మీటర్ల దూరంలో పెట్టిన కెమెరాకు మృదంగం దెబ్బ ఒక ఫ్రేము ఆలస్యంగా వినిపిస్తుంది. శబ్దాన్ని బట్టి సింక్ చేస్తే శబ్దం కలుస్తుంది, చెయ్యి పడే ఫ్రేము తప్పుతుంది. టైమ్‌కోడ్‌కు ఈ దూరంతో పని లేదు.

అయితే ఒక్కో కెమెరా మెనూలోకి వెళ్లి చేత్తో టైము పెడితే అది సింక్ కాదు, సెకనో అరసెకనో తేడా ఉండి తీరుతుంది. ఒక కెమెరా టీసీ (టైమ్‌కోడ్) అవుట్ నుంచి ఇంకోదాని టీసీ ఇన్‌కి బీఎన్‌సీ కేబుల్ వేసి జామ్ చేయాలి, అంటే మొదటిదాని లెక్కను రెండోదానిలోకి ఎక్కించాలి, ఆ తర్వాత కేబుల్ తీసేయొచ్చు. తీసేశాక ఎవరి గడియారం వాళ్లదే. రెండు కెమెరాల గడియారాలను నడిపే క్రిస్టల్స్ మధ్య పది లక్షల్లో పది వంతుల తేడా ఉన్నా గంటకు 36 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక ఫ్రేము జరుగుతుంది. ఉదయం జామ్ చేసి రాత్రి రిసెప్షన్ దాకా అలాగే వదిలేస్తే పెదవులు ఒకచోట, మాట ఒకచోట. అందుకే భోజనాల విరామంలో ఒకసారి, బ్యాటరీ మార్చినప్పుడల్లా ఒకసారి మళ్లీ జామ్ చేయండి, లేదా ప్రతి కెమెరాకూ టైమ్‌కోడ్ అందించే ఓ చిన్న సింక్ బాక్స్ తగిలించి వదిలేయండి. టీసీ ఇన్ లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ సిగ్నల్‌నే ఒక ఆడియో ట్రాక్‌లో రికార్డు చేయొచ్చు, ఆ ఛానల్‌ను మాత్రం వదులుకోవాలి.

ఫ్రీ రన్‌కు నిజమైన చిక్కు మన ముహూర్తాలతోనే వస్తుంది. రాత్రి ఎదుర్కోలు, తెల్లవారుజామున 2:30కి ముహూర్తం. 23:59:59:24 తర్వాత కోడ్ 00:00:00:00కి వచ్చేస్తుంది, అప్పుడు కోడ్ ప్రకారం వరుస పెడితే తలంబ్రాలు ముందొచ్చి ఎదుర్కోలు వెనక్కి పోతుంది. యూజర్ బిట్స్‌లో, అంటే టైమ్‌కోడ్‌తో పాటు మనకు నచ్చిన అంకెలు రాసుకునే చోట, తేదీ వేయండి, అర్ధరాత్రి దాటాక కార్డు మార్చి వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ఆ మాత్రం శ్రమకు రెక్ రన్‌కు వెళ్లిపోనక్కర్లేదు.

అద్దె కెమెరా అయితే ఇంకోటి చూడాలి. సిస్టమ్ ఫ్రీక్వెన్సీ 59.94లో ఉందేమో, 29.97 ఫ్రేములు, డ్రాప్ ఫ్రేమ్ అని కనిపిస్తుందేమో. డ్రాప్ ఫ్రేమ్‌లో పోయేది ఫ్రేములు కాదు, నంబర్లే. ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు దాటేస్తుంది, ప్రతి పదో నిమిషం తప్ప, అలా గంటకు 108. మన 25కి ఇదంతా అవసరమే లేదు, పైగా ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ సెట్టింగ్‌లో మండపం లైట్లు మినుకుమనే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు గీతలు. మధ్య బిందువు చూపే సెంటర్ మార్కర్, అంచుల్లో తెగిపోని భాగం చూపే సేఫ్టీ జోన్, వేరే ఆకారపు ఫ్రేము చూపే యాస్పెక్ట్ మార్కర్, తొమ్మిది గడుల గైడ్ ఫ్రేమ్, అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే పెళ్లికూతురి ముఖం జాలీ వెనక ఉన్నట్టుంటుంది, ఫోకస్ కూడా సరిగ్గా తెలియదు. గడులు కొత్తగా నేర్చుకునేవాళ్లకు బాగుంటాయి, చెయ్యి కుదిరాక తీసేయండి. 90, 80 శాతం సేఫ్టీ జోన్ పాత టీవీలు అంచులు మింగేసే రోజులది. ఇప్పటి 16:9 ప్రమాణాల్లో యాక్షన్‌కు 93 శాతం, టైటిల్‌కు 90 శాతం. కింద పేర్లు పడే పని అయితేనే నేను దాన్ని ఉంచుతాను, ఎందుకంటే తెలుగు అక్షరాలకు ఒత్తులు కిందికి దిగుతాయి, ఇంగ్లీషు పేరుకు సరిపోయే జాగా మన పేరుకు సరిపోదు.

నేను ఉంచే ఒక్కటి, నిలువు వీడియో అడిగిన చోట, 9:16 మార్కర్. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ రీల్ కావాలంటారు. 1920×1080 ఫ్రేములోంచి నిలువుగా కోస్తే 607 పిక్సెల్స్ వెడల్పు మిగులుతుంది, మూడో వంతు కూడా రాదు. 4కేలో తీస్తే 1215 వస్తుంది, అది ఫోన్‌కు కావలసిన 1080 కంటే ఎక్కువే, కాబట్టి రీల్ మాట వినబడితే 4కేలోనే తీయండి. జీలకర్ర బెల్లం సమయంలో వధూవరులు తెరకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుంటారు, దగ్గరి షాట్‌లో ఆ ఇద్దరి ముఖాలూ నిలువు ఫ్రేములో పట్టవు. మార్కర్ కళ్ల ముందుంటే ఆ సంగతి అప్పుడే తెలుస్తుంది, ఒక కెమెరాను పెళ్లికూతురి నుదుటి మీదికి, ఆ తల మీద తమలపాకు పట్టుకున్న వేళ్ల మీదికి తిప్పొచ్చు. ఎడిటింగ్‌లో తెలిస్తే చేసేదేమీ లేదు.

ఈ గీతలు కార్డులోకి ఎక్కవు. కానీ వాటిని బయటికి పంపే అవుట్‌పుట్ డిస్‌ప్లే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఎస్‌డీఐ లేదా హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా బయటికి పోతాయి, మండపంలోని ఎల్‌ఈడీ తెర మీదా లైవ్‌లోనూ బయటి రికార్డర్‌లోనూ కనబడతాయి, రికార్డర్‌లో పడ్డవి మళ్లీ పోవు. కేబుల్ తగిలించాక వ్యూఫైండర్‌ను నమ్మకుండా, అవతలి తెర దగ్గరికి నడిచి వెళ్లి చూసి రండి.