నాన్న పేరు మీద 21 కిలోమీటర్లు: స్పర్శ్ హాస్పిస్ గురించి

హైదరాబాద్ ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌లో, అంటే ఇక నయం కాదన్న రోగులకి నొప్పి తగ్గిస్తూ చివరిదాకా చూసుకునే చోట, మా నాన్న చివరి పంతొమ్మిది రోజులు గడిచాయి. అంతకుముందు చూపించిన ఆసుపత్రిలో "ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనేశారు. నొప్పికి ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. స్పర్శ్‌లో మొదటిరోజే డాక్టర్‌గారు మంచం పక్కన కూర్చుని, "నొప్పి పదికి ఎంత ఉందండీ?" అని అడిగారు. మార్ఫిన్ మొదలుపెట్టిన రాత్రి నాన్న కంటినిండా నిద్రపోయారు. ఎన్ని నెలలైందో ఆయన్ని అలా చూసి! ఒక నర్సు తడి దూదితో ఎండిన పెదాలు తుడుస్తూ "పెదనాన్నా" అని పిలిచేది.

బిల్లు లేదు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్లు దీన్ని ఉచితంగా నడుపుతున్నారు, అదీ విరాళాలతో. కదల్లేనివాళ్లకి ఇంటికే వచ్చి చూస్తారు కూడా. ఈ సంగతి ముందే తెలిసుంటే ఇంకా త్వరగా వెళ్లేవాళ్లం.

అందుకే ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, 21.1 కిలోమీటర్లు, వాళ్ల కోసం పరిగెత్తాను. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో అడిగితే 48,500 రూపాయలు పోగయ్యాయి. టీషర్టు వీపు మీద అమ్మ చేత "మా ఆయన కోసం" అని రాయించుకున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పిక్కలు పట్టేశాయి. వెనక నుంచి ఒక పెద్దాయన అది చదివి, "పద బాబూ, ఆగకు" అని నాతోపాటే పైదాకా నడిచారు.

వచ్చే ఏడాదికి చెల్లి కూడా వస్తానంది. రోజూ పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తోంది.